పరాయి దేశపు యుద్ధంలో మనం ఎవరి పక్క?



2009 మే 9న మనం బుద్ధ పూర్ణిమ జరుపుకున్నాం. శ్రీలంకలో దాన్ని వెసాక్ అంటారు. ఆ పండుగకు అక్కడ వీధివీధినా కాగితపు లాంతర్లు వెలుగుతాయి, దారిన పోయేవాళ్లను పిలిచి అన్నం పెడతారు. ఆ ఏడు వెసాక్ నాటికి అదే దేశంలో, ఈశాన్య తీరాన ముళ్లివాయ్‌క్కాల్ అనే చోట, సముద్రానికీ మడుగుకూ నడుమ సన్నటి ఇసుక పట్టీ మీద వేలాది తమిళ కుటుంబాలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక దిక్కు నుంచి సైన్యం గుండ్లు పడుతున్నాయి. తప్పించుకుని పోవాలని చూసినవాళ్లను ఇంకో దిక్కు నుంచి పులులే కాల్చారు. మే 18, 19 తేదీలకు యుద్ధం ముగిసింది. పులుల నాయకుడు ప్రభాకరన్ చనిపోయాడని తెలిసి కొలంబో వీధుల్లో జనం టపాసులు కాల్చి, పాలన్నం వండి పంచుకున్నారు. ఐక్యరాజ్య సమితి నియమించిన నిపుణుల బృందం 2011లో ఇచ్చిన నివేదికలో, ఆ చివరి నెలల్లోనే 40,000 మంది దాకా మామూలు జనం చనిపోయి ఉండవచ్చని రాసింది. శ్రీలంక ప్రభుత్వం ఆ లెక్కను ఒప్పుకోలేదు.

ఈ పాఠం మనకు దేనికంటే, విహారంలో శ్రీలంక మాట గానీ బర్మా మాట గానీ వచ్చిన ప్రతిసారీ మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒకరు "అది మన బౌద్ధ దేశం, భిక్షువులను చంపినోళ్లకు బుద్ధి చెప్పినారు" అంటారు. ఇంకొకరు "తమిళోళ్లు మన ద్రావిడులు, అణగదొక్కబడినోళ్లు, పులులు వీరులు" అంటారు. మూడో ఆయన, ఈయనే ఎక్కువ మంది, "యాడో సముద్రం అవతల కొట్టుకుంటాంటే మనకేలప్పా" అని లేచిపోతాడు. మూడింట్లోనూ కొంత నిజముంది. మూడూ ధమ్మానికి నిలవవని నా అభిప్రాయం. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి జవాబు మనకు దగ్గరగా తగిలేది కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. శ్రీలంకకు మనం బాకీ ఉన్నమాట వాస్తవం. నోటి నుంచి నోటికి వచ్చిన త్రిపిటకాన్ని తాటాకుల మీదికి ఎక్కించింది అక్కడి భిక్షువులే. 1891లో మహాబోధి సొసైటీ పెట్టి, బుద్ధగయ కోసం మొట్టమొదట కొట్లాడింది అనగారిక ధర్మపాల. మన విహారం మీద ఎగరేసే పంచరంగుల జెండా పుట్టింది 1885లో, కొలంబోలో. 1950 మేలో కాండీ నగరంలో ప్రపంచ బౌద్ధుల తొలి మహాసభ జరిగినప్పుడు ఆ జెండాను బౌద్ధులందరి జెండాగా ఒప్పుకున్నారు. ఆ సభకు బాబాసాహెబ్ స్వయంగా పోయారు. బౌద్ధం పుస్తకాల్లో కాకుండా మనుషుల్లో ఎట్లా బతుకుతోందో కళ్లారా చూడాలని ఆయన పోయింది.

ఇంత బాకీ ఉంది కాబట్టి వాళ్ల సైన్యం చేసిందంతా మనం మోయాలా?

ఇక్కడ మహావంశం గురించి తెలుసుకోవాలి. క్రీ.శ. 5వ శతాబ్దం ప్రాంతంలో అనురాధపురం భిక్షువులు పాలీలో రాసిన చరిత్ర కావ్యమది. అందులో పెద్ద భాగం దుట్ఠగామణి అనే సింహళ రాజు కథ. ఎళారుడనే తమిళ రాజు అనురాధపురాన్ని 44 ఏళ్లు ఏలాడు. ఎళారుడు న్యాయంగా పాలించాడని ఆ పుస్తకమే ఒప్పుకుంటుంది. దుట్ఠగామణి తన ఈటెలో బుద్ధ ధాతువును పెట్టించుకుని, భిక్షువులను వెంట తీసుకుని యుద్ధానికి పోతాడు, గెలుస్తాడు. గెలిచాక ఆయనకు మనసు నిలవదు. ఇన్ని ప్రాణాలు తీశానే, నాకు ఇంక నెమ్మది ఎట్లా అని కుమిలిపోతాడు. అప్పుడు ఎనిమిది మంది అరహంతులు వచ్చి ఓదారుస్తారు. వాళ్ల లెక్క ఏమంటే, రాజు చంపింది మొత్తం ఒకటిన్నర మనుషులనే. చచ్చినవాళ్లలో ఒకడు త్రిశరణం తీసుకున్నవాడు, ఒకడు పంచశీల తీసుకున్నవాడు. మిగతావాళ్లు పశువులతో సమానం, వాళ్లు లెక్కలోకి రారు.

ఈ మాట చదివినప్పుడు మీకేమనిపించిందో గానీ, నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె త్రిశరణం చెప్పలేదు, పంచశీల వినలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఏం జరిగిందో తెలియకుండానే, పొద్దున లేస్తే వేరుశనగ చేనికి కూలికి పోయి, చివరికి ఆ చేని గట్టునే కన్నుమూసింది. ఆ ఎనిమిది మంది లెక్క ప్రకారం ఆమె మనిషి కాదు. మీ తాతలూ కారు. మనలను మనుషుల లెక్కలోంచి తీసేసిన గ్రంథాలను వద్దని కదా మనం ఈ దారికొచ్చాం. కాషాయం కట్టుకున్నవాళ్లు చెప్పినంత మాత్రాన అదే లెక్క ధమ్మమైపోతుందా? బుద్ధ భగవానుడి మొదటి శీలంలో "బౌద్ధుడి ప్రాణం" అని లేదు, "ప్రాణం" అనే ఉంది. రాజ్యానికి ఆనుకుని బతికిన భిక్షువులు కొందరు రాజు మనసు కుదుటపడటానికి అల్లిన కథ అది. యుద్ధ కాలంలో శ్రీలంకలో ఈ కథను మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు.

దీని పక్కన పెట్టి చూసుకోవలసిన ఇంకో లెక్క మన జిల్లాలోనే ఉంది. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండలున్నాయి. వాటి మీద అశోకుడి పధ్నాలుగు పెద్ద శాసనాలూ చెక్కి ఉన్నాయి. పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్ష మంది చచ్చారు, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారు, ఆ తర్వాత ఇంకెన్నో రెట్లు చనిపోయారు అని గెలిచిన రాజే బండ మీద రాయించుకున్నాడు. వాళ్లలో బౌద్ధులెందరు అని విడదీయలేదు. బ్రాహ్మణులు, శ్రమణులు, వేరే మతాలవాళ్లు, ఇల్లూ సంసారం ఉన్న మామూలు గృహస్థులు, అందరి కష్టమూ చెప్పాడు. తమకు దెబ్బ తగలకపోయినా తమవాళ్లు పోయినందుకు ఏడ్చేవాళ్ల బాధను కూడా లెక్కలో వేశాడు. ఇప్పుడు అందులో నూరో వంతు, వెయ్యో వంతు జరిగినా తనకు భారమేనన్నాడు. దుట్ఠగామణికి వచ్చిన బాధే అశోకుడికీ వచ్చింది. ఆయన బాధను ఒకటిన్నరతో మాన్పేశారు, ఈయన మాన్పించుకోలేదు.

అశోకుణ్ణి నెత్తిన పెట్టుకొమ్మని కాదు. ఇంత ఏడ్చిన రాజు కళింగాన్ని తిరిగి ఇచ్చేయలేదు. ఆ శాసనంలోనే అడవి జాతులను జాగ్రత్త అని హెచ్చరించాడు. కళింగ నేల మీద ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ పదమూడో శాసనమే వేయించలేదు. దెబ్బ తిన్నవాళ్ల ముందు చెప్పడానికి మొహం చెల్లలేదో, రాజ్య అవసరమో! అయినా చచ్చినవాళ్లందరినీ మనుషులుగా లెక్క వేయడం వరకు ఆయనే మనకు గురువు.

ఇప్పుడు రెండో జవాబుకు వద్దాం. తమిళులకు అన్యాయం జరిగిందా? జరిగింది, అందులో అనుమానం లేదు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే తేయాకు తోటల్లో పనిచేసే లక్షల మందికి పౌరసత్వం లేకుండా చట్టం చేశారు. ఈ తోట కూలీలు ఎవరనుకున్నారు? బ్రిటిష్ వాళ్లు తమిళ జిల్లాల నుంచి ఓడలెక్కించి తీసుకుపోయిన పళ్లర్లు, పరైయర్లు, చక్కిలియర్లు. ఈ చక్కిలియర్లనే ఇప్పుడు అరుంధతీయులంటున్నాం, తమిళనాడులో వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. అంటే ఓటు, దేశం రెండూ పోగొట్టుకున్నవాళ్లలో మన రక్తమే ఉంది. 1964లో మన ప్రధాని శాస్త్రి, వాళ్ల ప్రధాని సిరిమావో కూర్చుని, 5,25,000 మంది నీకు, 3,00,000 మంది నాకు అని పంచుకున్నారు. ఇంకో లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ మనుషులను ఎవరూ అడగలేదు. గొర్రెల మందను పంచుకున్నట్టు పంచుకున్నారు.

1956లో సింహళమే అధికార భాష అని చట్టం వచ్చింది. తథాగతుడి మహాపరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సంవత్సరమది. అదే ఏడాది ఇక్కడ బాబాసాహెబ్ లక్షల మందికి దీక్ష ఇస్తుంటే, అక్కడ బౌద్ధం పేరు చెప్పి ఒక భాషవాళ్లను రెండో తరగతి మనుషులను చేశారు. ఆ చట్టం తెచ్చిన ప్రధాని బండారనాయకే తర్వాత తమిళ నాయకులతో రాజీకి ప్రయత్నించాడు. 1959లో ఆయనను కాల్చి చంపినవాడు ఒక భిక్షువే. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని కాల్చేశారు, 97,000 పుస్తకాలు, తాటాకు గ్రంథాలు బూడిదయ్యాయి. 1983 జులైలో పులులు పదమూడు మంది సైనికులను చంపారు. దానికి బదులుగా కొలంబోలో ఓటర్ల జాబితాలు చేత పట్టుకుని తమిళుల ఇళ్లు వెతికి వెతికి తగలబెట్టారు. అప్పుడు అధ్యక్షుడు జయవర్ధనే. ఇదే పెద్దమనిషి 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో లేచి, ద్వేషం గురించి ధమ్మపదంలో ఉన్న గాథను చెప్పి, జపాన్ నుంచి మాకు నష్టపరిహారం వద్దన్నాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. 1983లో సొంత ఊర్లో ఇళ్లు తగలబడుతుంటే కొన్ని రోజులు నోరు విప్పలేదు. విప్పినప్పుడు చనిపోయిన తమిళుల కోసం ఒక సానుభూతి మాట రాలేదు. దూరంగా ఉన్నవాణ్ణి క్షమించడం సులభం, పక్కింటివాడి దగ్గరికి వచ్చేసరికి గాథ గొంతులో ఆగిపోతుంది.

ఇంత జరిగాక పులుల పక్షం వహిస్తే తప్పేముంది అంటారా? ఇది కూడా వినండి. 1985 మే 14న పులులు అనురాధపురంలోకి చొరబడి బస్టాండులో, బోధివృక్షం దగ్గర మొక్కుకుంటున్నవాళ్లలో 140 మందికి పైగా కాల్చి చంపారు. 1987 జూన్ 2న అరంతలావ దగ్గర ఒక బస్సును ఆపి ముప్పై మంది దాకా భిక్షువులను నరికారు. వాళ్లలో ఎక్కువ మంది మీసాలు కూడా రాని సామణేరులు. 1990 ఆగస్టులో కాత్తాన్‌కుడి మసీదులలో నమాజు చేస్తున్నవాళ్లను కాల్చారు. ఆ అక్టోబర్‌లో ఉత్తర ప్రాంతపు ముస్లింలందరినీ, అంటే 70,000 మందికి పైగా, ఊర్లు ఖాళీ చేయించారు. జాఫ్నాలో వాళ్లకు ఇచ్చిన గడువు రెండు గంటలు. ఆ ముస్లింలు మాట్లాడేదీ తమిళమే. పులులు పిల్లలను బడుల నుంచి ఎత్తుకుపోయి తుపాకులిచ్చారు. కెనడాలో, ఇంగ్లండ్‌లో ఉన్న తమిళులు పంపిన డబ్బు, కొందరు ఇష్టంగా, కొందరు బెదిరింపులకు లొంగి ఇచ్చింది, ఇట్లాంటి వాటికి పోయింది. దూరాన ఉండి పక్షం వహించడం ఉత్త మాటలతో ఆగదు, అక్కడ ఒక తుపాకీలో గుండై కూర్చుంటుంది.

సింహళులంతా ఒకటి, తమిళులంతా ఒకటి అనే మాట కూడా నమ్మొద్దు. మనం కుల నిర్మూలన చదువుకున్నవాళ్లం, ఎవడైనా "మా జాతి అంతా ఒకటే" అన్నప్పుడల్లా కులం ఎక్కడ దాక్కుందో వెతకాలి. శ్రీలంకలో అన్నిటికన్నా పెద్ద సంఘమైన సియం నికాయంలో ఇప్పటికీ గొవిగమ అనే పై కులంవాళ్లకే ఉపసంపద. 18వ శతాబ్దంలో సియాం దేశపు భిక్షువులను పిలిపించి ఆ నికాయాన్ని నిలబెట్టిన కాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహుడు మధుర నాయక వంశంవాడు, అంటే మన తెలుగు మూలాలవాడే. దీక్ష దొరకని కింది కులాలవాళ్లు 1800 ప్రాంతంలో బర్మాకు పోయి దీక్ష తీసుకుని వచ్చి అమరపుర నికాయం పెట్టుకున్నారు. ఇటు జాఫ్నాలో వెళ్లాళర్ల పెత్తనం. అక్కడి మావిట్టపురం కోవెలలోకి మమ్మల్ని రానీయండని 1968లో కింది కులాల తమిళులు పోరాడితే, అడ్డం నిలబడింది సైన్యం కాదు, తమిళులే. ఆ కింది కులాలవాళ్లలో కొందరు ఆ రోజుల్లో బౌద్ధం వైపు వచ్చారు కూడా. యుద్ధం మొదలయ్యాక ఆ తమిళ బౌద్ధుడు ఏ జెండా పట్టుకోవాలి? బాబాసాహెబ్ 1950లో కొలంబో టౌన్‌హాల్లో మాట్లాడుతూ అక్కడి అంటరానివాళ్లను బౌద్ధంలోకి రమ్మన్నారు, వాళ్లను అక్కున చేర్చుకొమ్మని అక్కడి బౌద్ధులను అడిగారు. ఆ పిలుపును ఎంతమంది విన్నారన్నది తర్వాతి చరిత్రే చెప్తుంది. బౌద్ధ రాజ్యం చంపింది తమిళులనే అని కూడా అనుకోవద్దు. 1971లో, మళ్లీ 1987-89లో తిరగబడిన సింహళ పల్లె యువకులను వేల సంఖ్యలో మాయం చేసింది. వాళ్లూ వెసాక్ లాంతర్లు కట్టినవాళ్లే.

కర్నూలు జిల్లావాళ్లకు ఈ సంగతి ఇంత విడమరచి చెప్పనక్కర్లేదేమో. ఫ్యాక్షన్ ఊర్లలో రెండు పెద్దిళ్ల మధ్య పగ ఉంటుంది. మాలగేరి, మాదిగగేరి ఎవరి చేన్లో కూలికి పోతే వాళ్ల పార్టీ. ఇష్టమా అని ఎవరూ అడగరు. నాటుబాంబుల సంచి మోసేది మనోడు. కాలో చెయ్యో పోయేది మనోడికి. కేసులో జైలుకు పోయేది మనోడు. పదేళ్లకు రెండు పెద్దిళ్లూ రాజీ పడి పిల్లనిచ్చి పుచ్చుకుంటే, భోజనాల రోజు విస్తర్లు ఎత్తేదీ మనోడే. "మా వాళ్లు" అనే మాట ఎంత ఖర్చుతో కూడిందో మనకు తెలుసు. సముద్రం దాటగానే ఆ తెలివి యాడికి పోతుందో నాకర్థం కాదు.

అయితే మూడో జవాబే సరైందా, మనకెందుకని తలుపేసుకుందామా?

1985 జులై 17న కారంచేడులో మాదిగలను తరిమి తరిమి చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికి కాలువలో పడేశారు. అప్పుడు మన రాష్ట్రంలో ఎంతోమంది "అది ఆ ఊరి గొడవ" అన్నారు. కొందరైతే రెండు వర్గాల ఘర్షణ అన్నారు. "ఘర్షణ" అనే మాట చూడండి, అందులో కొట్టినవాడెవడో తిన్నవాడెవడో కనపడడు. మన మీద ఆ మాట వాడినప్పుడు ఎంత మండిందో, 1983 జులైలో ఇల్లు కాలిన తమిళుడి మీద మనం వాడితే అతనికీ అంతే మండుతుంది. అందరి చావులూ లెక్క వేయాలంటే అందరూ సమానంగా తప్పు చేశారని చెప్పడం కాదు. ఏ రోజు ఎవరు ఎవరిని ఏం చేశారో పేరు పెట్టి చెప్పాలి. పౌరసత్వం తీసేసింది రాజ్యం. ఇళ్లు కాల్చినవాళ్ల వెనుక ఉన్నది రాజ్యం. సామణేరులను నరికింది పులులు. ముస్లింలను తరిమింది పులులు.

బాబాసాహెబ్ తన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణాన్ని పాత కథల లాగ రాయలేదు. రోగిని, ముసలివాణ్ణి, శవాన్ని చూసి కాదు, యుద్ధం వల్ల అని రాశారు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు తగాదా. ఎల్లెల్సీ కాలువ కింద చివరి ఆయకట్టువాళ్లకు ఈ తగాదా ఎట్లా ఉంటుందో నేను చెప్పాలా! శాక్య సంఘం యుద్ధం చేద్దామంది. సిద్ధార్థుడు లేచి, మనవాళ్లూ ముందుగా చెయ్యి చేసుకున్నారు, తప్పు మన వైపూ ఉంది, ఇద్దరిని మనం, ఇద్దరిని వాళ్లు ఎన్నుకుని, ఆ నలుగురూ ఐదో మనిషిని ఎన్నుకుని తీర్పు చెప్పించుకుందాం అన్నాడు. ఓటు పెడితే ఓడిపోయాడు. సైన్యంలో చేరమంటే చేరనన్నాడు. కుటుంబాన్ని వెలి వేస్తాం, భూములు లాక్కుంటాం అన్నారు. అప్పుడు ఆయన ఆ శిక్ష తన వాళ్ల మీద పడకుండా తానే పరివ్రాజకుడిగా పోతానన్నాడు.

ఈ కథలో ముఖ్యమైంది ఏమంటే, ఆయన ఊరకుండలేదు. కోలియుల సైన్యంలోనూ చేరలేదు. తనవాళ్ల మధ్య నిలబడి, తనవాళ్ల తప్పును తనవాళ్లకు చెప్పాడు, దానికి ధర కట్టాడు. శ్రీలంకలో ఇట్లాంటి మనిషి ఒకామె ఉండేది. రాజని తిరణగమ, జాఫ్నా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే డాక్టరు. మొదట్లో పులులకు సాయం చేసింది, గాయపడ్డవాళ్లకు వైద్యం చేసింది. తర్వాత వాళ్లు చేసే హత్యలు చూసి విడిపోయింది. తోటి అధ్యాపకులతో కలిసి శ్రీలంక సైన్యం చేసినవి, మన భారత సైన్యం చేసినవి, పులులు చేసినవి ఇంటింటికీ తిరిగి సాక్ష్యాలు రాసింది. ఆమె తమిళురాలు, భర్త సింహళుడు. 1989 సెప్టెంబర్ 21న సైకిల్ మీద ఇంటికి పోతుంటే కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. ఎవరి పక్క ఉండాలని నన్నడిగితే, నేను ఆ సైకిల్ పక్కన నడుస్తానంటాను.

భారత సైన్యం అన్నాను కదా, దాన్ని దాటేసి పోకూడదు. 1987 జులై 29 ఒప్పందంతో శాంతి కాపాడతామని పోయింది మన సైన్యం. మూడు నెలలు తిరగకుండానే పులులతో యుద్ధంలో దిగింది. 1987 అక్టోబర్‌లో దీపావళి నాడు జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి కాల్పులు జరిపితే రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా పోయారు. 1990లో తిరిగొచ్చేసరికి మన సైనికులు కూడా దాదాపు 1,200 మంది చనిపోయారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య దాని కొనసాగింపే. మంచి చేస్తామని పోయిన మూడోవాడు కూడా పార్టీ అయిపోయాడు.

కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. 1983లో అమ్మానాన్నలను కళ్లముందు కాల్చేస్తే, ఇరవై ఏళ్ల తమిళ కుర్రవాడు తుపాకీ పట్టుకున్నాడు. కోడుమూరులో ఫ్యాను కింద కూర్చుని అతనికి పంచశీల చెప్పే హక్కు నాకుందా? బాబాసాహెబ్ అహింసను గుడ్డి నియమంగా తీసుకోలేదు. "బుద్ధుడా, కార్ల్ మార్క్సా" అనే రచనలో సింహ సేనాపతి కథ చెప్తూ, న్యాయం కోసం, శాంతి దారులన్నీ మూసుకుపోయాక బలం వాడినవాణ్ణి బుద్ధుడు తప్పు పట్టలేదని రాశారు. కాబట్టి ఆ కుర్రవాణ్ణి నేను దోషి అనను. కానీ అదే కుర్రవాడు నాలుగేళ్ల తర్వాత అరంతలావ దగ్గర బస్సు ఆపిన రోజున, ఆ సామణేరులు అతని ఇల్లు కాల్చలేదు. అన్యాయానికి ఎదురు నిలవడం ఎక్కడ ఆగి, మనుషులను వేటాడటం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించడం కష్టం. దూరాన ఉన్నవాడు చేయగలిగింది, చేయకూడనిది ఒకటుంది. ఆ గీతను చెరిపేసే చప్పట్లు మాత్రం కొట్టకూడదు.

బర్మా మాట కొంచెం చెప్పి ఆపుతాను. అది తెలుగువాళ్లకు కొత్త దేశం కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి పోయినందుకు అక్కడ మనవాళ్లను కోరంగీలనే పిలిచేవాళ్లు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, కంపెనీలు వాళ్ల చోట బర్మా కూలీలను పెట్టాయి. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్లను గెంటేశాయి. లాభం తెల్లదొరలది, నరుక్కున్నది మాత్రం రెండు దేశాల పేదలు. వందకు పైగా చచ్చారు, ఎక్కువ మంది మనవాళ్లే. 1942లో జపాన్ దాడికి భయపడి లక్షల భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో వేల మంది పడిపోయారు.  ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు గుడిసెలేసుకుని ఉన్నారు. 2017లో ఒక సాయుధ ముఠా పోలీసు ఠాణాల మీద దాడి చేసింది, కొన్ని హిందూ కుటుంబాలను కూడా చంపింది. ఆ సాకుతో సైన్యం ఊర్లకు ఊర్లు కాల్చేస్తే ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు. "వాళ్లు బౌద్ధులకు శత్రువులు" అని మనవాళ్ల ఫోన్లలో కూడా వీడియోలు తిరిగాయి. రంగూన్‌లో కోరంగీ గురించి కూడా అదే మాట అన్నారు.

ఆ దేశపు భిక్షువులే మనకు ఇంకో పని కూడా చూపించారు. 2007 సెప్టెంబర్‌లో సైనిక పాలకులు భిక్షువుల మీద చెయ్యి చేసుకుంటే, వేల మంది రోడ్డెక్కి భిక్షాపాత్రలను బోర్లించి నడిచారు. మీ చేతి అన్నం మాకొద్దు, మీకు పుణ్యం రాదు అని చెప్పడమది. బుద్ధుడి కాలంలో వడ్ఢుడనే లిచ్ఛవి విషయంలో సంఘం వాడిన పద్ధతే. ఎవరినీ చంపలేదు, కానీ ఏ పక్షమో దాచుకోలేదు కూడా. సైన్యం కాల్చింది, విహారాలు ఖాళీ చేయించింది. 2021 ఫిబ్రవరి 1 తర్వాత ఆ దేశం మళ్లీ అంతర్యుద్ధంలో పడింది. ఇప్పుడు అక్కడ సైన్యాన్ని దీవించే భిక్షువులూ ఉన్నారు, ఎదిరించే భిక్షువులూ ఉన్నారు. కాషాయాన్ని చూసి పక్షం ఎంచుకుందామంటే అక్కడే కుదరదు.

ఈ ఏడు మన విహారంలో వెసాక్ నాడు పుణ్యానుమోదన చెప్పేటప్పుడు అరంతలావ సామణేరులను, ముళ్లివాయ్‌క్కాల్ పిల్లలను ఒకే మాటలో తలచుకోవాలని అనుకున్నాం. ఇద్దరు ముగ్గురు పెద్దలకు నచ్చలేదు. "భిక్షువులనూ వాళ్లనూ ఒకే వరసలో పెడతారా" అని ఒక అన్న అడిగినాడు. ఒక అక్క "పులుల పిల్లలకు దీపమేందప్పా" అనింది. ఇంకొకాయన, అయితే జాఫ్నా ఆసుపత్రివాళ్లను ఎందుకు వదిలినారు, వాళ్లను చంపింది మన సైన్యమనా అన్నాడు. ఈ మూడో ఆయన మాటకు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. చర్చ ఇంకా తెగలేదు. వచ్చే ఆదివారం ఎర్రగుడికి పోతున్నాం, ఆ పదమూడో శాసనం బండ దగ్గర కూర్చుని మిగతాది మాట్లాడుకుందాం. పొద్దున ఆరింటికి కోడుమూరు బస్టాండు దగ్గరికి రండి. నీళ్లు, సద్ది ఎవరివి వాళ్లే తెచ్చుకోండి, ఆ బండల మీద నీడ దొరకదు.